పొడిగింపు రాకముందే అమ్మాయి పుట్టింటికి రావచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, ఆ జిల్లాల నుంచి విదేశాలకు వెళ్లిన వారి నుంచి వచ్చిన జాబుల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి. పెళ్లి చేసుకుని భర్తతో వెళ్లిన అమ్మాయికి వీసా పొడిగింపులో ఎదురయ్యే చిక్కులే ఆ నలుగురి ఆందోళన. అందుకే ఈ శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాము.

ప్రశ్న: మా పెద్దమ్మాయికి 2021లో పెళ్లి చేశాము. అల్లుడు అమెరికాలోని డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అక్కడి ఉద్యోగ వీసా అయిన హెచ్-1బి మీద ఉన్నాడు. అమ్మాయి అతని భార్యగా హెచ్-4 వీసా మీద వెళ్లింది. ఇద్దరి గడువూ ఒకేసారి ముగుస్తుండడంతో పొడిగింపు దరఖాస్తులు కలిపే పంపారు. అల్లుడిది మూడు వారాల్లో ఆమోదమైంది. అమ్మాయిది నెలలు గడిచినా రాలేదు. ఈలోగా ఆమె ఐ-94 (అక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే పత్రం) మీద ఉన్న తేదీ దాటిపోయింది. మాఘమాసంలో మా అబ్బాయి పెళ్లి. ఆడపడుచు లేకుండా ఆ పెళ్లి జరిపించడం మాకు ఇష్టం లేదు. 'గడువు దాటిన మనిషి అక్కడ దొంగగా ఉంటున్నట్టే లెక్క, ఒకసారి బయటికి వస్తే పదేళ్లు మళ్లీ రానివ్వరు' అని చుట్టాల్లో ఒకరు అన్నప్పటి నుంచి మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు. ఆమె అక్కడ ఉండడం చట్టబద్ధమేనా? పెళ్లికి వచ్చి వెళ్లవచ్చా?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: మీరు రాసిన ప్రకారం దరఖాస్తు గడువు లోపలే వెళ్లి ఉంటే, మీ చుట్టం చెప్పిన మాట మీ అమ్మాయికి వర్తించదు. ఎందుకు వర్తించదో తెలిస్తేనే మీ భయం పోతుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ అమ్మాయి దగ్గర మూడు కాగితాలు ఉంటాయి, మూడింటి పనీ వేరు. పాస్‌పోర్టులో అతికించిన వీసా ఆ దేశపు గడప తొక్కడానికి పనికివస్తుంది తప్ప, లోపల ఎన్నాళ్లు ఉండవచ్చో అది నిర్ణయించదు. ఆ పని ఐ-94ది. ఇక మూడోది, పొడిగింపు కోసం పెట్టే ఐ-539 దరఖాస్తు అందినట్టు అక్కడి పౌరసత్వ, వలస సేవల సంస్థ పంపే ఐ-797సి రసీదు. ఐ-94 తేదీ ముగియక ముందే దరఖాస్తు ఆ సంస్థకు అంది ఉంటే, నిర్ణయం వెలువడేదాకా ఆమె అక్కడ ఉండే కాలాన్ని అనుమతి గల కాలంగానే పరిగణిస్తారు. కాబట్టి మీరు ముందుగా చేయవలసింది ఒక్కటే: ఆ రసీదు మీద 'అందిన తేదీ' అని ఉన్న చోట ఏ తేదీ ఉందో, అది ఐ-94 తేదీకి ముందుదో కాదో అమ్మాయిని చూసి చెప్పమనండి. ముందుదే అయితే ఆమె దొంగగా ఉండడం లేదు, ఎవరికీ తల వంచుకోవలసిన అవసరమూ లేదు.

పదేళ్ల మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1996లో వచ్చిన అమెరికా చట్టం ఒకటి ఉంది. అనుమతి లేకుండా 180 రోజులకు మించి ఉండి దేశం విడిచిన వారిని మూడేళ్లపాటు, ఏడాది లేదా అంతకు మించి ఉండి విడిచిన వారిని పదేళ్లపాటు మళ్లీ రానివ్వకూడదని ఆ చట్టం చెబుతుంది. అయితే సకాలంలో పెట్టిన, నిజమైన ఆధారాలున్న పొడిగింపు దరఖాస్తు పెండింగులో ఉన్నంతకాలం, అనుమతి లేకుండా ఉద్యోగం చేయనంతకాలం, ఆ రోజుల లెక్క మొదలే కాదు. ఒకవేళ దరఖాస్తును తిరస్కరిస్తే ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. అప్పుడు కూడా చేతిలో వ్యవధి ఉంటుంది, అయితే ఆ రోజే న్యాయవాదిని కలవాలి.

అల్లుడిది వచ్చి అమ్మాయిది ఎందుకు ఆగిందన్న అనుమానం మీ జాబులో పైకి రాయకపోయినా కనిపిస్తోంది. ఇందులో అల్లుడి నిర్లక్ష్యం ఉందనుకోవలసిన పని లేదు. ఉద్యోగి తరఫున కంపెనీ అదనపు రుసుము కట్టి, 15 పనిదినాల్లో నిర్ణయం కోరే వీలు ఉంది. హెచ్-4 దరఖాస్తుకు ఆ వీలు లేదు. 2023 జనవరిలో ఒక కోర్టు కేసులో కుదిరిన రాజీ వల్ల, భర్త దరఖాస్తుతో కలిపి పంపిన భార్య దరఖాస్తునూ దానితోపాటే పరిశీలించవలసిన బాధ్యత ఆ సంస్థ మీద ఉండేది. ఆ రాజీ గడువు 2025 జనవరి 18తో తీరిపోయింది. భార్య కాగితం విడిగా, తన వంతు వచ్చేదాకా వరుసలో ఉండిపోవడం అప్పటి నుంచి మళ్లీ ఎదురవుతోంది. పిల్లలున్న ఇళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. కంపెనీ పెట్టే హెచ్-1బి పొడిగింపులో భార్యాపిల్లలు ఉండరు, వారి కోసం ఐ-539 విడిగా పెట్టాలి. 'కంపెనీవాళ్లు అందరికీ చేసేశారు' అనుకుని ఊరుకుని, భార్య ఐ-94 ముగిశాక కళ్లు తెరిచిన కుటుంబాలు ఉన్నాయి. అది నిజంగా ప్రమాదకరమైన స్థితి.

ఇక పెళ్లి సంగతి. ఇక్కడే నేను మీకు కష్టమైన మాట చెప్పవలసి వస్తోంది. మీ అమ్మాయి విమానం ఎక్కడాన్ని అమెరికా ఆపదు. సమస్య అంతా తిరుగు ప్రయాణంలో ఉంది. 'ఇక్కడే ఉండనివ్వండి' అని కోరిన దరఖాస్తు, దేశం దాటి వచ్చిన మనిషిని మళ్లీ లోపలికి తీసుకెళ్లలేదు. ఆమె పాస్‌పోర్టులోని వీసా తేదీ ఇంకా మిగిలి ఉంటే, భర్త కొత్త ఆమోద పత్రం ప్రతిని వెంట తీసుకుని తిరిగి వెళ్లవచ్చు, అక్కడి విమానాశ్రయంలో కొత్త ఐ-94 ఇస్తారు. కాబట్టి ఆ తేదీని ముందు చూడండి. పెళ్లయి వెళ్లి ఇన్నేళ్లయింది కనుక అది కూడా ముగిసిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. అలాగైతే ఆమె హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు స్వయంగా వెళ్లి హెచ్-4 వీసా మళ్లీ వేయించుకోవాలి. ఇందుకు పెండింగులో ఉన్న ఐ-539 ఆమోదం అవసరం లేదు. భర్త ఆమోద పత్రం, పెళ్లి రుజువులు, సకాలంలో దరఖాస్తు పెట్టినట్టు చూపే రసీదు చాలు. అంటే చట్టపరంగా దారి ఉంది.

ఆ దారి ఎన్నాళ్లు పడుతుందన్నదే నా బెంగ. 2025 సెప్టెంబరు 2 నుంచి ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టు పెట్టెలో వేసి వచ్చే పద్ధతిని హెచ్-4 వారికి ఎత్తివేశారు. అదే నెల నుంచి వీసాను సొంత దేశంలోనో, నివసించే దేశంలోనో మాత్రమే వేయించుకోవాలని చెప్పారు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమాల ఖాతాలను కూడా పరిశీలించడం మొదలుపెట్టి, ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచమన్నారు. ఆ మార్పుతో అప్పటికే స్లాట్ దొరికిన ఎంతోమందికి ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. పెళ్లి కోసం రెండు వారాల సెలవు మీద వచ్చి, ఇక్కడే నెలలపాటు ఉండిపోయిన వారిలో భార్యలూ ఉన్నారు, అక్కడ బడికి వెళ్లవలసిన పిల్లలూ ఉన్నారు.

అందుకని నా సలహా సూటిగా చెబుతున్నాను. చేతిలో ఖరారైన ఇంటర్వ్యూ తేదీ లేకుండా, అది వెనక్కి జరిగితే నాలుగైదు నెలలు పుట్టింట్లో ఉండడానికి అమ్మాయీ అల్లుడూ ముందే మాట్లాడుకుని సిద్ధపడకుండా, ఆమెను రమ్మని పిలవకండి. తమ్ముడి పెళ్లికి రాలేని అక్క బాధ నాకు అర్థమవుతుంది. ఆడపడుచు లాంఛనాలు పినతండ్రి కూతురి చేతనో, పెదతండ్రి కూతురి చేతనో జరిపించే వీలు మన ఇళ్లలో ఉంది. వీలైతే ముహూర్తాన్ని వైశాఖానికి జరపగలరేమో పురోహితుడినీ, వియ్యాలవారినీ అడిగి చూడండి. అమ్మాయితో మాత్రం 'నువ్వు రాకపోతే పెళ్లి కళే లేదు' అని పదే పదే అనకండి, అక్కడ ఒంటరిగా ఎదురుచూస్తున్న మనిషికి అది మోయలేని బరువు అవుతుంది.

ఈలోగా ఆమె చేయదగినవి కొన్ని ఉన్నాయి. వేలిముద్రలకు రమ్మని నోటీసు వస్తే ఆ రోజు తప్పకూడదు, చెప్పకుండా మానేస్తే దరఖాస్తు వదులుకున్నట్టు భావిస్తారు. ఇల్లు మారితే పది రోజుల్లోగా కొత్త చిరునామా తెలియజేయాలి. ఉద్యోగ అనుమతి కార్డు మీద పని చేస్తూ ఉండి, దాని తేదీ ముగిసిపోతే పని ఆపేయాలి. కార్డు రెన్యూవల్ దరఖాస్తును 2025 అక్టోబరు 30న గానీ ఆ తర్వాత గానీ పెట్టినవారికి, ఇదివరకు ఉన్న స్వయంచాలక పొడిగింపు ఇప్పుడు లేదు. ఇది మర్చిపోయి ఒక్క వారం పని చేసినా, పైన చెప్పిన రక్షణ మొత్తానికే ముప్పు రావచ్చు. కారు లైసెన్సు గడువును చాలా రాష్ట్రాల్లో ఐ-94తో ముడిపెడతారు కనుక, రసీదు పట్టుకుని అక్కడి లైసెన్సు కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి. సాధారణ నిర్ణయ కాలం దాటిపోయాక కూడా కదలిక లేకపోతే, ఆ సంస్థకు ఆన్‌లైన్‌లో విచారణ పెట్టవచ్చు, తమ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడి కార్యాలయాన్నీ ఆశ్రయించవచ్చు. అమ్మాయి స్వయంగా సంతకం చేసిన అనుమతి పత్రం ఇస్తే ఆ కార్యాలయం వాకబు చేస్తుంది, దానికి రుసుము ఉండదు.

ప్రశ్న: మాది బొబ్బిలి. పెళ్లయి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కు వచ్చాను. మా వారికి ఇక్కడ శాశ్వత నివాస హక్కు ఉంది. నాకిచ్చిన 33 నెలల గడువు ముగియక ముందే పొడిగింపుకు దరఖాస్తు పెట్టాము, ఇప్పుడు ఆ గడువు దాటింది, జవాబు రాలేదు. అమ్మకు విశాఖపట్నంలో గుండె ఆపరేషన్ చేయాలంటున్నారు. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. పది రోజులు వచ్చి వెళ్లవచ్చా? నేను పని చేసే చోట 'నీ వీసా అయిపోయింది కదా' అని అడుగుతున్నారు, ఏం చెప్పాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, పాస్‌పోర్టు చేతిలో ఉంది కాబట్టి ప్రయాణం చేయవచ్చని అనుకోకండి. బ్రిటన్ నియమం అమెరికా నియమం కన్నా కఠినమైనది. దరఖాస్తు పెండింగులో ఉండగా మీరు బ్రిటన్, ఐర్లండ్, వాటి పక్కనున్న చిన్న దీవులతో కూడిన ఉమ్మడి ప్రయాణ ప్రాంతాన్ని దాటితే, మీ దరఖాస్తును మీరే వెనక్కి తీసుకున్నట్టు లెక్కిస్తారు. మీ పాత గడువు ఇప్పటికే తీరిపోయింది కనుక, తిరిగి వెళ్లడానికి మీ చేతిలో ఏ అనుమతీ మిగలదు. ఇక్కడి నుంచి భార్య వీసాకు మొదటి నుంచి మళ్లీ దరఖాస్తు పెట్టాలి, క్షయ పరీక్ష పత్రం తేవాలి, ఆరోగ్య రుసుము మళ్లీ కట్టాలి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. 2024 ఏప్రిల్ 11కు ముందు ఈ దారిలో ప్రవేశించిన వారు పొడిగింపుకు పాత ఆదాయ పరిమితి అయిన ఏటా 18,600 పౌండ్లు చూపితే సరిపోతుంది. కొత్తగా మొదలుపెట్టే వారికి అది 29,000 పౌండ్లు. మధ్యలో తెంపుకుని వస్తే మీ వారు ఆ పెద్ద మొత్తాన్ని చూపవలసిన పరిస్థితి రావచ్చు, శాశ్వత నివాసానికి కావలసిన ఐదేళ్ల లెక్కా దెబ్బతినవచ్చు.

అమ్మకు ఆపరేషన్ చేయాలంటున్న వేళ ఈ లెక్కలు వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆపరేషన్ తేదీ ఇంకా ఖరారు కాలేదంటే మీకు కొంత వ్యవధి ఉన్నట్టే. అవసరమైన రుజువులన్నీ ఉన్న దరఖాస్తులకు సాధారణంగా ఎనిమిది వారాల్లో నిర్ణయం ఇస్తారు. ఆసుపత్రి వారిచ్చే పత్రంతో త్వరగా పరిశీలించమని అక్కడి హోం శాఖను కోరవచ్చు, మీ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడి కార్యాలయం ద్వారా కూడా అడిగించవచ్చు. వాళ్లు తప్పక ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేను. దరఖాస్తు మీది కనుక మీ వారి ప్రయాణానికి అడ్డు లేదు. ఆపరేషన్ రోజుల్లో అల్లుడు వచ్చి ఆసుపత్రిలో నిలబడితే అత్తగారికి ఎంతో ధైర్యం. వైద్యుడు పరిస్థితి విషమమని చెబితే, అప్పుడు వీసా కన్నా అమ్మే ముఖ్యమని మీరు నిర్ణయించుకోవచ్చు. అది మీరు తీసుకోవలసిన నిర్ణయం, ఎవరూ తప్పు పట్టలేరు. కాకపోతే ఏం పోతుందో తెలిసి తీసుకోండి.

ఉద్యోగం విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. 1971 నాటి వలస చట్టంలోని 3సి సెక్షను ప్రకారం, గడువు లోపల పెట్టిన దరఖాస్తు మీద నిర్ణయం వచ్చేదాకా మీ పాత అనుమతి, పని చేసే హక్కుతో సహా, అదే షరతులతో కొనసాగుతుంది. మీ ఆన్‌లైన్ ఖాతాలో అది కనిపించకపోతే, యజమాని హోం శాఖ వారి యజమానుల తనిఖీ సేవను అడగాలి. వారిచ్చే ధ్రువీకరణ ఆరు నెలలు చెల్లుతుంది. ఈ నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసి మీ సంస్థ వారికి ఇవ్వండి.

ప్రశ్న: మా పెళ్లి అరసవల్లిలో జరిగింది, రిజిస్టర్ చేయించలేదు. శుభలేఖలో నా పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. పొడిగింపు దరఖాస్తుకు పెళ్లి పత్రం అడిగారు. దానికి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) కూడా చేయించాలని శ్రీకాకుళంలో ఒక ఏజెంటు పెద్ద మొత్తం అడుగుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమెరికా హెచ్-4 పొడిగింపుకు అపోస్టిల్ అక్కర్లేదు, ఆ డబ్బు ఇవ్వకండి. పత్రం తెలుగులో ఉంటే దానికి పూర్తి ఇంగ్లిషు అనువాదం, అనువాదం సరైనదని అనువదించిన వారి సంతకంతో ధ్రువీకరణ ఉంటే చాలు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లిని ఎన్నేళ్ల తర్వాతైనా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోవచ్చు. మీ దంపతులిద్దరూ ఊళ్లో ఉన్నప్పుడే సాక్షులతో వెళ్లి ఆ పని పూర్తి చేసుకోండి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, వయసు రుజువులు, ఆధార్ వెంట ఉంచుకోండి. ధ్రువపత్రంలో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయించుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. మన వైపు ఇంటిపేరు ముందు రాస్తాం, ఒక్కోసారి పొడి అక్షరంతో సరిపెడతాం. పాస్‌పోర్టులో అది విడిగా, పూర్తిగా విడదీసి ఉంటుంది. అక్కడి అధికారి ఆ రెండూ ఒకే మనిషివని ఊహించుకోడు. పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకుని తీరాలన్న నియమం కూడా లేదు, మార్చుకోకపోతే కాగితాలన్నీ ఒకే తీరుగా ఉండి చిక్కులు తగ్గుతాయి.

ఇప్పటికే మీరు విదేశంలో ఉండి నమోదు వీలుకాకపోతే, అసలు పత్రం ఎందుకు లేదో వివరిస్తూ, పెళ్లి ప్రత్యక్షంగా తెలిసిన ఇద్దరి ప్రమాణ పత్రాలు, ఫొటోలు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం వంటివి జతచేయవచ్చు. అదనపు రుజువులు కోరుతూ నోటీసు వస్తే అందులో చెప్పిన గడువును ఒక్క రోజు కూడా దాటనివ్వకండి. మరో చిన్న విషయం: పాస్‌పోర్టు గడువు దగ్గర పడిన వారికి అమెరికా విమానాశ్రయంలో ఐ-94ను ఆ పాస్‌పోర్టు తేదీకే కుదించి ఇస్తుంటారు. సెలవుకు వచ్చినప్పుడే రెన్యూ చేయించుకుని వెళితే, అవసరం లేని పొడిగింపు బెడద తప్పుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంది. పొడిగింపు పెట్టానని అల్లుడు అంటాడు, రసీదు మాత్రం చూపించడు. పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉంచుకున్నాడు. ఎక్కువ అడిగితే ఇండియాకి పంపేస్తానంటున్నాడట. ఏం చేయాలి?
– ఒక తల్లి, టెక్కలి

జవాబు: ఐ-539 మీ అమ్మాయి పేరు మీద పెట్టే దరఖాస్తు, దాని మీద ఆమె సంతకం ఉండాలి. తాను ఏ కాగితం మీదా సంతకం చేయలేదని ఆమె అంటే, దరఖాస్తు అసలు వెళ్లిందో లేదో అనుమానించవలసిందే. పాస్‌పోర్టు నంబరు తెలిస్తే ఆమె తన ఐ-94 తేదీని అక్కడి సరిహద్దు రక్షణ శాఖ వెబ్‌సైటులో తానే చూసుకోవచ్చు. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో మీ దగ్గర ఉంటే ఈ రోజే ఆమెకు పంపండి. ఆ తేదీ ఇంకా ఉంటే, ఒక్క రోజు కూడా పోనివ్వకుండా, ఆమె స్వయంగా వలస చట్టాల న్యాయవాదితో మాట్లాడాలి. ఉచితంగా సలహా ఇచ్చే సంస్థలు అక్కడి పెద్ద నగరాల్లో ఉన్నాయి.

హెచ్-4 హోదా పెళ్లి మీదే ఆధారపడుతుంది, విడాకులైతే పోతుంది. ఆ కారణంతోనే 'పంపేస్తాను' అన్న బెదిరింపుకు అంత బలం వస్తోంది. అయితే ఆమెను దేశం నుంచి పంపించే అధికారం భర్తకు లేదు, పాస్‌పోర్టు లాక్కునే హక్కూ లేదు. హెచ్ వీసా ఉన్న భర్త చేత హింసకు గురైన భార్య ఐ-765వి అనే దరఖాస్తుతో, భర్త సంతకం లేకుండానే, తన పేరు మీద ఉద్యోగ అనుమతి కోరవచ్చు. అక్కడి జాతీయ గృహహింస సహాయ నంబరు 1-800-799-7233 రోజంతా పనిచేస్తుంది, భాష రాని వారికి దుబాసీని కలుపుతారు. పాస్‌పోర్టు ఇవ్వకపోతే ఆమె ఉన్న ప్రాంతపు భారత కాన్సులేట్‌కు రాయాలి. మీరు ఇక్కడి నుంచి ఢిల్లీలోని జాతీయ మహిళా కమిషన్ ఎన్నారై విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేసే ముందు మాత్రం అమ్మాయితో, అల్లుడు ఇంట్లో లేని వేళ, ఆమె భద్రంగా ఉందో లేదో మాట్లాడి, ఆమె సరేనన్నాకే చేయండి. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, పాస్‌పోర్టు, వీసా, పాత ఐ-797 ఆమోద పత్రాల ప్రతులు ఏవి దొరికితే అవి మీ ఇంట్లో ఒక చోట పెట్టి ఉంచండి, న్యాయవాది మొదట అడిగేవి అవే.